బయటి దేశాలు ఎన్నికల్లో వేలు పెడితే ఆపేది ఎవరు? ఇంటెలిజెన్స్ చీఫ్ అసలు పని ఏంటి?

పాలమూరు ఆస్పిరెంట్ (మహబూబ్‌నగర్):

అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్తే. గ్రూప్స్‌కి చదువుతున్నా, పొద్దున నుంచి రాత్రి దాకా జిల్లా గ్రంథాలయంలోనే మకాం. మొన్న మాక్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది: జాతీయ ఎన్నికలను విదేశీ జోక్యం నుంచి కాపాడటంలో నిఘా సంస్థల అధిపతి పాత్ర ఏమిటి అని. మా బ్యాచ్‌లో సగం మంది ఈవీఎం హ్యాకింగ్ మీద పేజీలు నింపారు, మిగతావాళ్లు రష్యా, ట్రంప్ అని నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. పేపర్ దిద్దిన సార్ అందరికీ తక్కువే వేసి, ఒక్కరు కూడా అసలు ముచ్చట దగ్గరికి రాలేదు అని కింద రాశారు. ఆ అసలు ముచ్చట ఏందో మాత్రం చెప్పలేదు.

ఇంటికి పోతే ఇంకో లొల్లి. మా పెద్దనాన్న హోటల్ కాడ కూర్చుని, అమెరికాలో బటన్ నొక్కితే జడ్చర్లలో ఓటు మారుతుందని అందరితో వాదన పెట్టుకుంటున్నాడు. ఆయనకు సమాధానం చెప్పేంత సరుకు నా దగ్గర లేదు, ఉన్నా ఆయన వినడు అనుకోండి.

బయటి దేశం నిజంగా ఏం చేస్తుంది, ఎట్ల చేస్తుంది? అమెరికాలో నిఘా సంస్థలన్నిటి మీద డీఎన్ఐ (జాతీయ నిఘా డైరెక్టర్) అని ఒక పోస్టు ఉందట, మనకు దేశం లోపలి నిఘాకు ఐబీ, బయటి నిఘాకు రా ఉన్నాయి, వీళ్లు ఆపగలరా? ఆపే పేరుతో వీళ్లే ఎన్నికల్లో దూరితే అప్పుడేంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా రాయండి, లింక్ పడేసి పోకండి.

దేవరకొండ మాస్టారు:

బాబూ, మీ పెద్దనాన్న సంగతి ముందు తేలుద్దాం. నేను రిటైర్ అయ్యేదాకా ప్రతి ఎన్నికకీ ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ చేసినవాణ్ణి. ఆ మిషన్‌కు వైఫై లేదు, సిమ్ లేదు, బ్లూటూత్ లేదు, ఏ నెట్‌వర్క్‌కీ తగిలించరు. తయారు చేసేది రెండే కంపెనీలు, బెంగళూరు బెల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్, రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఏ మిషన్ ఏ నియోజకవర్గానికి పోతుందో, అందులో ఏది ఏ బూత్‌కు పోతుందో రెండుసార్లు కంప్యూటర్‌లో కలగాపులగం చేస్తారు. ఏ బటన్ ఏ గుర్తుకొస్తుందో అభ్యర్థుల తుది జాబితా వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పోలింగ్ నాడు తెల్లవారుజామున ఏజెంట్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేస్తాం. తర్వాత సీఆర్‌సీ, అంటే క్లోజ్ నొక్కి, రిజల్ట్ చూపించి, క్లియర్ చేయాలి. ఓటు ఏ గుర్తుకు పడిందో అచ్చు వేసి చూపే వీవీప్యాట్ పెట్టెలోని ఆ మాక్ పోల్ చీటీలు నల్ల కవర్లో పెట్టి సీల్ వేయాలి. సీఆర్‌సీ మర్చిపోయిన కొత్త ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి ఆ రోజు చుక్కలు కనిపిస్తాయి, అది వేరే కథ. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సీలో రాసి ప్రతి ఏజెంట్‌కూ కాపీ ఇస్తాం. కౌంటింగ్ రోజు ఆ అంకె తేడా వస్తే ఏజెంట్లు ఊరుకోరు, టేబుల్ దగ్గరే పట్టుకుంటారు.

ఓటు వేయగానే వీవీప్యాట్ అద్దంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2019లో చెప్పినప్పటి నుంచి ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు బూత్‌ల చీటీలు లెక్కబెడుతున్నారు. చీటీలన్నీ లెక్కపెట్టాలని వేసిన కేసును 2024 ఏప్రిల్ 26న అదే కోర్టు కొట్టేసింది కానీ, ఫలితం మీద అనుమానం ఉంటే రెండో, మూడో స్థానంలో వచ్చినవాళ్లు 5 శాతం మిషన్ల చిప్‌లు చెక్ చేయించుకునే వీలు కల్పించింది. బయటి దేశంవాడు అమెరికాలో కూర్చుని ఇదంతా దాటుకుని రావాలంటే వాడికి ప్రతి బూత్‌లో ఒక మనిషి కావాలి. అంత మంది మనుషులుంటే వాడికి మిషన్‌తో పనే లేదు.

మాటలో మాట. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీలో నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి వాళ్లు వేయించిన నామినేషన్లే ఎక్కువ. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఇప్పటి ఎం3 మిషన్లు ఎన్ని కలిపినా 384 పేర్లే పడతాయి. ఏ దేశపు సాయం లేకుండా ఎన్నికల సంఘానికి మన జిల్లా పెట్టిన పరీక్ష అది.

మిర్యాలగూడ సైబర్:

మాస్టారు మిషన్ పక్క మొత్తం చెప్పేశారు, నేను రెండో పక్కకు వస్తా. హైదరాబాద్‌లో సెక్యూరిటీ టీమ్‌లో పనిచేస్తున్నా, 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రష్యా దూరిన కేసు మా ఫీల్డ్‌లో అందరం చదివేదే.

తమ్మీ, అప్పుడు ఓట్లు మార్చారనడానికి ఒక్క ఆధారం కూడా దొరకలేదు. ఇల్లినాయ్ రాష్ట్రం ఓటర్ల డేటాబేస్ లాంటివాటిలోకి దూరారు, అంతవరకే. అసలు దెబ్బ రెండు వైపుల నుంచి కొట్టారు.

ఒకటి దొంగిలించి బయటపెట్టడం. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ప్రచార చైర్మన్ జాన్ పొడెస్టాకు గూగుల్ నుంచి వచ్చినట్టు ఒక మెయిల్ వచ్చింది, మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, ఇక్కడ నొక్కి మార్చుకోండి అని. మనకు కరెంట్ బిల్లు కట్టలేదు, రాత్రికి కట్ చేస్తాం అని వచ్చే మెసేజ్ ఉంటుంది చూడు, అదే జాతి. అక్కడ నొక్కారు, 50,000కు పైగా మెయిళ్లు పోయాయి. ఆయనవీ, డెమోక్రటిక్ పార్టీ ఆఫీసువీ మెయిళ్లు దొంగిలించింది రష్యా సైనిక నిఘా సంస్థ జీఆర్‌యూ అని 2018 జులైలో 12 మంది అధికారుల పేర్లు పెట్టి అభియోగాలు మోపారు. దొంగిలించినవి రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైట్‌లో రోజుకిన్ని చొప్పున వచ్చాయి. వాటిలో చాలా వరకు నిజం మెయిళ్లే, అబద్ధం రాయాల్సిన పనే పడలేదు.

రెండోది మనుషుల్ని ఎగదోయడం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ అని ఒక ఆఫీసు, అందులో జీతానికి కూర్చుని అమెరికావాళ్లలాగా పోస్టులు రాయడమే ఉద్యోగం. హ్యూస్టన్ సంగతి చూడు. 2016 మే 21న అక్కడి ఇస్లామిక్ సెంటర్ ముందు రోడ్డుకు ఒక పక్క ముస్లింలకు వ్యతిరేకంగా గుంపు, ఎదురు పక్క ముస్లింలకు మద్దతుగా గుంపు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, మధ్యలో పోలీసులు. మొదటి గుంపును పిలిచిన ఫేస్‌బుక్ పేజీ, రెండో గుంపును పిలిచిన పేజీ రెండూ రష్యాలోని ఆ ఒక్క ఆఫీసువే. వచ్చినవాళ్లు మాత్రం నిజం మనుషులే, నిజం కోపమే. ఆ రెండు పేజీల ప్రకటనలకు అయిన ఖర్చు సుమారు 200 డాలర్లు అని తర్వాత సెనేట్ విచారణలో చెప్పారు. మన దగ్గర ఉప ఎన్నికలో ఒక వార్డుకు పెట్టే ఖర్చులో మూలకు కూడా రాదు అది.

ఆ ఏజెన్సీ పోస్టులు 12.6 కోట్ల మంది దాకా చేరి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. దాని వెనక ఉన్న రష్యా వ్యాపారి ప్రిగోజిన్ 2022 నవంబర్‌లో మేం జోక్యం చేసుకున్నాం, ఇక ముందూ చేసుకుంటాం అని బాజాప్తా ఒప్పుకున్నాడు.

మనల్ని కూడా వదల్లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల టైంలో ఇజ్రాయెల్‌కు చెందిన స్టాయిక్ అనే కంపెనీ ఏఐతో భారత ఎన్నికల మీద పోస్టులు తయారు చేస్తుంటే పట్టుకుని ఆపామని ఓపెన్‌ఏఐ ప్రకటించింది. పెద్దగా ఎవరికీ చేరకముందే పట్టుకున్నారు. అయినా ఒక ప్రైవేట్ కంపెనీ డబ్బులు తీసుకుని ఈ పని చేసిపెడుతుందంటే దీనికి దేశమే కావాలని లేదు, పైసలున్న ఎవడైనా చాలు.

హాలియా బుల్లెట్:

అమెరికా కష్టాలు చదువుతుంటే కళ్లలో నీళ్లు ఆగట్లేదన్నా. 1948లో ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు సంచులు మోసింది మర్చిపోయారా? డావ్ లెవిన్ అనే ప్రొఫెసర్ లెక్క తీశాడు, 1946 నుంచి 2000 దాకా అమెరికా 81 ఎన్నికల్లో, సోవియట్ యూనియన్, తర్వాత రష్యా కలిపి 36 ఎన్నికల్లో వేలు పెట్టాయని. మన దగ్గర రాయబారిగా పనిచేసిన మోయినిహాన్ స్వయంగా రాశాడు, కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాల్‌లో ఒకసారి కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా కాంగ్రెస్‌కు తమ డబ్బు చేరిందని. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ కూడా ఇక్కడ ఖాళీగా కూర్చోలేదు. 1952లో మన రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిండు, అట్లాంటి జిల్లాల మీద అప్పట్లో వాళ్ల చూపు ఎట్లుండేదో మీరే ఊహించుకోండి. దొంగే దొంగ దొంగ అని అరుస్తున్నాడు, మీరు వాడి దగ్గర తాళాలు ఎట్లా వేయాలో నేర్చుకుంటున్నారు.

మిర్యాలగూడ సైబర్:

బుల్లెట్ అన్నా, అందులో ఒక్క ముక్క కూడా కాదనను. వాడు ఎన్ని ఇళ్లు దోచినా, వాడి ఇంట్లో దొంగలు పడ్డప్పుడు తాళం ఎక్కడ ఊడిందో చూడటంలో తప్పులేదు కదా. నల్లగొండ మీద వాళ్ల చూపు ఎట్లుందో నువ్వూ నేనూ ఊహించి లాభం లేదు, ఆ ముక్క మాత్రం పక్కన పెట్టు.

పాలమూరు ఆస్పిరెంట్:

మాస్టారు గారికి, సైబర్ అన్నకు చాలా థాంక్స్. హ్యూస్టన్ సంగతి నాకు అసలు తెలియదు. కానీ ఇక్కడే నాకు ఆగిపోయింది. కోపం నిజం, మనుషులు నిజం, మెయిళ్లు కూడా నిజమే అయితే నిఘా సంస్థ ఏం పట్టుకోవాలి? పోస్టు పెట్టిన ప్రతివాడి వెంటా పడితే అది మళ్లీ మన మీద నిఘానే అవుతుంది కదా. పైగా ఆ చీఫ్‌ను పెట్టేది ప్రెసిడెంటో, ప్రధానో. జోక్యం ఆయన గెలుపుకే పనికొచ్చిందంటే ఆ మాట ఆయన మొహం మీద ఎవరు చెప్తారు?

మిర్యాలగూడ సైబర్:

తమ్మీ, మీ సార్ అడిగిన అసలు ముచ్చట నువ్వే పట్టుకున్నావ్, ఆ చివరి వాక్యమే.

డీఎన్ఐ పోస్టు 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పుట్టింది. సీఐఏకి తెలిసింది దేశం లోపల దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐకి తెలియక మునిగారని, అన్నింటినీ కలిపి చూసే ఒక మనిషి ఉండాలని 2004లో చట్టం చేశారు. ఇప్పుడు 18 సంస్థలు ఆ గొడుగు కింద ఉన్నాయి. ప్రెసిడెంట్ పేరు చెప్తాడు, సెనేట్ కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి ఓటేస్తుంది. ఆ ప్రశ్నల్లో అసలైనది ఒకటే: ప్రెసిడెంట్‌కు ఇష్టం లేని నిజం ఆయనకూ, మాకూ చెప్తావా?

2016లో చెప్పారు, కానీ ఆలస్యంగా, అదీ నీళ్లు నమిలినట్టు. ఒబామా ప్రభుత్వం ఎన్నికల్లో ఒక పక్షం తీసుకున్నట్టు కనిపిస్తుందేమోనని వెనకాడింది. చివరికి అక్టోబర్ 7 మధ్యాహ్నం డీఎన్ఐ ఆఫీసు, దేశం లోపలి భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కలిసి ఇది రష్యా పని అని ప్రకటన ఇచ్చాయి. అరగంటలో ట్రంప్ ఆడవాళ్ల గురించి మాట్లాడిన పాత టేప్ బయటికొచ్చింది, ఇంకో అరగంటకు వికీలీక్స్ పొడెస్టా మెయిళ్లు వదిలింది. ఆ రాత్రి టీవీల్లో రష్యా ప్రకటనకు చోటే దొరకలేదు. ఎంత పెద్ద నిజమైనా చెప్పే టైం తప్పితే ఎవడి చెవికీ ఎక్కదు.

తర్వాత డాన్ కోట్స్ డీఎన్ఐ అయ్యాడు, ట్రంప్ పెట్టిన మనిషే. 2018 జులైలో హెల్సింకీలో పుతిన్ పక్కన నిలబడి ట్రంప్ తన ఏజెన్సీల మాట మీద అనుమానంగా మాట్లాడితే, అదే రోజు కోట్స్ మా అంచనా మారలేదు అని ప్రకటన ఇచ్చాడు. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన మనిషి అతనే. 2019 ఆగస్టులో పదవి వదిలి వెళ్లిపోయాడు. ఆయన తర్వాత తాత్కాలికంగా ఉన్న మాగ్వైర్ ఆఫీసు నుంచి ఒక అధికారి 2020 ఫిబ్రవరిలో రష్యా మళ్లీ దూరుతోందని పార్లమెంటు కమిటీకి చెప్తే, కొన్ని రోజులకే మాగ్వైర్ కుర్చీ పోయింది.

అట్లని ప్రతిసారీ ఓడిపోయారని కాదు. 2020 అక్టోబర్‌లో ఫ్లోరిడా ఓటర్లకు ట్రంప్‌కు ఓటేయకపోతే నీ సంగతి చూస్తాం అని బెదిరింపు మెయిళ్లు వచ్చాయి, ఒకటి రెండు రోజుల్లోనే డీఎన్ఐ, ఎఫ్‌బీఐ డైరెక్టర్ టీవీ ముందుకొచ్చి ఇది ఇరాన్ చేసిన పని అని చెప్పేశారు. మెయిల్ చూసి భయపడ్డవాడికి మర్నాడు సాయంత్రానికల్లా అది దొంగదని తెలిసిపోయింది. దీని కోసం 2018లో ఒక ఉత్తర్వు కూడా ఉంది, ఎన్నిక అయిన 45 రోజుల్లో విదేశీ జోక్యం జరిగిందా లేదా డీఎన్ఐ తేల్చాలి. కట్టుకున్నవి కూల్చుకోవడం కూడా వాళ్లకే చెల్లు, విదేశీ ప్రభావం మీద పనిచేసే ఎఫ్‌బీఐ టాస్క్‌ఫోర్స్‌ను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు.

కెనడావాళ్లది వేరే పద్ధతి. ఎన్నికల టైంలో ప్రధాని మంత్రులు దీంట్లో తలదూర్చకుండా ఐదుగురు సీనియర్ అధికారుల ప్యానెల్ పెట్టారు, జనానికి చెప్పాలా వద్దా అన్నది వాళ్లే తేలుస్తారు. 2019, 2021 ఎన్నికల్లో ఆ ప్యానెల్ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. తర్వాత విచారణ కమిషన్ కూర్చుని, జోక్యం జరిగింది కానీ ఎవరు ప్రభుత్వం ఏర్పాటు చేయాలన్నది మారలేదు అని తేల్చింది. ఆ ఆరోపణల్లో చైనాతో పాటు మన దేశం పేరు కూడా ఉంది, మనవాళ్లు గట్టిగా ఖండించారు.

రొమేనియా ఇంకో చివర. 2024 నవంబర్ 24న మొదటి రౌండ్‌లో ప్రచారానికి పైసా ఖర్చు పెట్టలేదని లెక్క చూపిన అభ్యర్థి టిక్‌టాక్ ఊపుతో మొదటి స్థానంలోకి వచ్చాడు. నిఘా సంస్థల రహస్య పత్రాలు బయటపెట్టారు, డిసెంబర్ 6న రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికే రద్దు చేసింది, 2025 మేలో మళ్లీ పెట్టారు. నా మటుకు ఇది భయం పుట్టించే దారి. ఓటేసిన లక్షల మందికి నీ ఓటు చెల్లదు అని చెప్పాల్సి వచ్చిందంటే, నిఘావాళ్లు ముందే నిద్ర లేవాల్సింది.

అడ్వకేట్ అక్క, నాగర్‌కర్నూల్:

అందరూ అమెరికాలో తిరిగి రొమేనియా దాకా పోయారు, మన ఇంటికి నేను వస్తా.

విదేశీ డబ్బు పార్టీలు తీసుకోవద్దని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, 1976లో, అదీ ఎమర్జెన్సీ కాలంలో వచ్చింది, 2010లో కొత్త చట్టం దాని చోట వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29బీ కూడా అదే మాట చెప్తుంది. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్, బీజేపీ రెండూ లండన్‌లో నమోదైన వేదాంత గ్రూపు కంపెనీల నుంచి డబ్బు తీసుకుని ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని చెప్పింది. మరి ఏం జరిగింది? 2016లో, మళ్లీ 2018లో ఫైనాన్స్ బిల్లుల్లో పెట్టి ఏది విదేశీ డబ్బు అనే నిర్వచనాన్నే మార్చేశారు, అదీ 1976 నుంచి వర్తించేలా. టీవీలో ఒకరి గొంతు ఒకరు పట్టుకునే రెండు పార్టీలకు ఇక్కడ మాత్రం పేచీ రాలేదు. తమ్ముడూ, విదేశీ జోక్యం అని రాసేటప్పుడు ఈ తలుపు మనమే తెరిచి పెట్టామని కూడా రాయి.

ఇక నిఘా సంస్థలు. ఐబీ 1887 నుంచి ఉంది, రా 1968లో పుట్టింది, రెండింటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో సెనేట్ నిఘా కమిటీ 1976 నుంచి వాళ్లను కూర్చోబెట్టి అడుగుతుంది, మన ఎంపీలకు అట్లాంటి కమిటీ లేదు. 2011లో మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెడితే ముందుకు పోలేదు. సమాచార హక్కు చట్టం నుంచి కూడా వీటికి మినహాయింపు ఉంది. అంటే ఐబీ డైరెక్టర్ ఒక చేదు నిజం కనిపెడితే చెప్పుకోవడానికి ఉన్న తలుపు ఒక్కటే, అది ప్రభుత్వం తలుపు. ఆ నిజం ఆ ప్రభుత్వానికే ఇబ్బందైతే ఇంకెక్కడికి పోవాలో ఏ కాగితంలోనూ రాసి లేదు.

ఆపేవాళ్లే దూరితే అని అడిగావు కదా. మన తెలంగాణలోనే చూడు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఉన్న రాష్ట్ర పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలో కూర్చుని ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని 2024 మార్చిలో కేసు పెట్టి అధికారులను అరెస్టు చేశారు. అవి ఇంకా ఆరోపణలే, కోర్టులో తేలాలి, నేను ఎవరి పేరూ తీయను. కానీ దూరంగా ఉన్న శత్రువు కోసం కొన్న చెవి పక్కింటి మాటలు వినడానికి ఎంత సులభమో చెప్పడానికి మనం వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు.

ఇంకో మాట, విదేశీ జోక్యం అన్న ఆరోపణను కూడా గుడ్డిగా నమ్మకు. 2025 ఫిబ్రవరిలో భారత్‌లో ఓటింగ్ పెంచడానికి అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ ఇవ్వాల్సిన 2.1 కోట్ల డాలర్లు ఆపేశామని అమెరికా నుంచే ఒక ప్రకటన వచ్చింది. ఇక్కడ అన్ని పార్టీలూ ఒకరినొకరు విదేశీ ఏజెంట్ అని తిట్టుకున్నాయి. తీరా ఒక ఇంగ్లిష్ పత్రిక రికార్డులు తీస్తే ఆ డబ్బు బంగ్లాదేశ్‌కు కేటాయించింది అని తేలింది. మన ఆర్థిక శాఖ నివేదికలో చూస్తే ఇక్కడ యూఎస్‌ఎయిడ్ డబ్బుతో అప్పట్లో నడిచిన ఏడు ప్రాజెక్టుల్లో ఓటింగ్‌ది ఒక్కటి కూడా లేదు. ఆ వారం రోజులు మనల్ని మనం తిట్టుకోవడానికి రష్యా ఒక్క రూబుల్ కూడా ఖర్చు పెట్టలేదు.

హాలియా బుల్లెట్:

అక్కా, ఈ ఒక్క కామెంట్‌కి నేను సైలెంట్.

దేవరకొండ మాస్టారు:

బాబూ, జవాబులో ఫ్రాన్స్ కూడా ఒక పేరా పెట్టు, అందరూ వదిలేశారు. 2017 మే 5 రాత్రి, ప్రచారం గడువు ముగియడానికి కాస్త ముందు అధ్యక్ష అభ్యర్థి మాక్రాన్ టీమ్ మెయిళ్లు బయట పడేశారు. పోలింగ్ 7న. మాక్రాన్ మనుషులు దొంగలు వస్తారని ముందే ఊహించి నకిలీ ఖాతాలు, నకిలీ పత్రాలు కలిపి పెట్టారు, ఏది అసలో ఏది కాదో దొంగకే తేలలేదు. అక్కడి ఎన్నికల పర్యవేక్షణ సంఘం వెంటనే మీడియాను అవి వేయవద్దని కోరింది, పెద్ద పత్రికలు ఆగాయి. మన దగ్గర కూడా ప్రచారం ముగిశాక 48 గంటల నిశ్శబ్దం ఉంది కదా, ఆ టైంలో వాట్సాప్‌లో వచ్చేదానికి అభ్యర్థి జవాబు ఎట్లా చెప్పుకోవాలి అన్నది ఎవరూ తేల్చలేదు. పరీక్షలో ఆ ప్రశ్న నువ్వే లేవనెత్తు, మార్కులు పడతాయి.

పాలమూరు ఆస్పిరెంట్:

నోట్ చేసుకున్నా సార్. అక్క చెప్పిన 1976 ముక్క, కోట్స్ ముక్క, ఫ్రాన్స్ మూడూ పెడతా. ఫారం 17సీ గురించి పెద్దనాన్నకు చెప్పా. ఆయన బూత్ ఏజెంట్‌గా కూర్చున్నాడట ఒకసారి, ఆ కాగితం మీద సంతకం కూడా పెట్టాడట, "అదా, అదేందో బిల్లు అనుకున్నా" అంటున్నాడు. హ్యాకింగ్ వాదన ఇంకా వదల్లేదు, ఇప్పుడు అమెరికా నుంచి చైనాకు మార్చాడు.